ఎరిగిన మాట

నంద్యాల,
18-1-1978

బడి వదిలినా బెత్తం వదలని సువార్తమ్మ టీచరమ్మకు, అక్క జీవమ్మ రాసేది.

నేను బాగానే ఉన్నాను. డెబ్బై నిండినా నాలుక ఇంకా పదునుగానే ఉంది, దాని పని అది చేస్తోంది. నాటకాల డ్రెస్సుల కొట్టు కూడా నడుస్తోంది. మొన్న గోస్పాడు వాళ్లు నాలుగు కిరీటాలు, రెండు గదలు, ఒక ఆడవిగ్గు బాడుగకు తీసుకుపోయి, విగ్గుకు పేలు పట్టించి తెచ్చారు. మనుషులకు పేలు పట్టడం చూశాను గానీ విగ్గుకు పట్టడం ఇదే చూడడం. అడిగితే, వేషం కట్టినవాడి తలలోవి అని జవాబు.

అసలు విషయానికి వస్తాను. ఇక్కడ కాలేజీలో తెలుగు చెప్పే చెన్నకేశవులు అని ఒకాయన ఉన్నాడు. నెల నుంచి రోజూ సాయంత్రం కొట్టుకు వచ్చి కూర్చుంటున్నాడు. కిరీటం కోసమేమో అనుకున్నాను. నా కోసమట. మిస్ మాణిక్యం జీవితం మీద పుస్తకం రాస్తాడట. "టాకీల్లో తన మాటలు తానే రాసుకున్న ఆడమనిషి ఇంకెవరుండారవ్వా?" అన్నాడు. అవ్వా అంటే జవాబు చెప్పనని, మాణిక్యం గారూ అని పిలవమని ముందే షరతు పెట్టాను. ఆ పేరుతో నన్ను పిలిచి ఎన్నేళ్లయిందో.

ముప్పైనాలుగులో మేము ఇక్కడ ఆడిన 'గంగసాని పంచాయితీ' దగ్గర మొదలుపెట్టాడు. నువ్వు బోర్డింగులో ఉన్నావు కాబట్టి చూడలేదు. పూటకూళ్ల గంగసానిని ఊరు వెళ్లగొట్టాలని పెద్దలు పంచాయితీ పెడతారు. గంగసాని వేషం నాది, రాసిందీ నేనే. నడుము మీద చెయ్యి వేసి ఒక్కొక్కరి ముందు ఆగి, "కరణం సామీ, నిన్ను నేను ఎరగనా? శెట్టీ, నిన్ను ఎరగనా? ఈ ఊర్లో నేను ఎరగని మగోడు ఎవడు?" అంటాను. ఇది వీళ్ల గుట్టు తెలిసిన మనిషి అని ఊరు ఊరంతా చప్పట్లు కొట్టింది. మన క్రైస్తవుల బెంచీలు మాత్రం గొల్లుమన్నాయి. ఎందుకో నీకు చెప్పక్కర్లేదు. మన గుడిలో చదివే వాక్యంలో మగవాణ్ణి ఎరగడమంటే ఊరికే తెలియడం కాదు, ఆలుమగల సంగతి.

నీకు పదేళ్లప్పుడు ప్రార్థన మధ్యలో "నాయనా, ఎరుగుట అంటే ఏందీ?" అని అడిగావు. మన నాయన, గుడిలో వాక్యం చెప్పే ఉపదేశి సంజీవయ్య గారు, కళ్లద్దాలు రెండుసార్లు తుడుచుకుని "పెద్దయినాక ఎరుగుతావులే మ్మే" అన్నాడు. అమ్మా నేనూ కొంగులు నోట్లో కుక్కుకున్నాం. నా నాటకం ఆ రోజే పుట్టింది.

నువ్వు బోర్డింగులో చేరింది ఏ సంవత్సరమో రాయి. నాటకం కరపత్రం ఏదైనా నీ దగ్గరుంటే పంపు. ఆ నాటకం మీద పెట్టిన బూతు కేసు గురించీ, నేను పడిన జైలు గురించీ పూస గుచ్చినట్టు చెప్పమంటున్నాడు. చెప్తాను. నాయన సంగతీ చెప్తాను. పోయినవాళ్లని ఊరికే వదిలేసే మంచితనం నాకు లేదు.

ఎనిమిది టాకీలు, ఐదు నాటకాలు, ఒక జైలు కలిగిన
నీ అక్క.


ఆళ్లగడ్డ,
29-1-1978

జీవమ్మక్కకు, సువార్త వందనాలు.

ప్రభువు కృపలో ఇక్కడ క్షేమం. మోషేకు డోన్ స్టేషన్‌లోనే డ్యూటీ. కోడలు కాన్పుకు పుట్టింటికి పోయింది. ఇంట్లో నేనూ, రెండు కోళ్లూ ఉన్నాం. విగ్గుకు కిరసనాయిలు రాసి ఎండలో పెట్టు, పేలు పోతాయి. వాసన పోవడానికి తరువాత కుంకుడుకాయతో కడుగు.

నీ మీద పుస్తకం అంటే సంతోషం. మా ఆయన ఉండి ఉంటే ఇంకా సంతోషించేవాడు. నీ టాకీ ఒకటి కడపలో చూసి వచ్చి వారం రోజులు దాని గురించే మాట్లాడాడు. మద్రాసు సంగతులు రాయించు. నువ్వు రాసిన నాటకాల సంగతులు రాయించు. కేసు ఎందుకక్కా? నలభై నాలుగేళ్లయింది. ఆ మేజిస్ట్రేటు లేడు, ప్లీడర్లు లేరు. అచ్చులో పడితే చదివేవాళ్లకు నీ నటన గుర్తుండదు, జైలే గుర్తుంటుంది.

కరపత్రం నా దగ్గర లేదు. బోర్డింగు సంవత్సరాలు నాకు సరిగ్గా గుర్తు లేవు.

ఆరోగ్యం చూసుకో.
సువార్త.


నంద్యాల,
5-2-1978

గుర్తు లేని సువార్తమ్మకు,

ముప్పైనాలుగేళ్ల హాజరుపట్టీలు నోటికి అప్పజెప్పేదానివి, నువ్వు బోర్డింగులో చేరిన సంవత్సరం గుర్తు లేదా? అర్థమైందిలే. ఆళ్లగడ్డ గుడిలో ముందు వరుసలో కూర్చునే టీచరమ్మకు జైలుకెళ్లిన అక్క ఉందని అచ్చులో పడితే తలవంపులు. ఆ మాట నేరుగా రాస్తే సరిపోయేది కదా, కిరసనాయిలు వైద్యం చెప్పి దాటెయ్యడం దేనికి?

నంద్యాలకూ ఆళ్లగడ్డకూ బస్సులో గంటన్నర. నేను మద్రాసు వదిలి ఇక్కడికి వచ్చి ఇరవైరెండేళ్లు. నువ్వు నా గడప తొక్కింది ఒక్కసారి, మోషే పెళ్లిపత్రిక ఇవ్వడానికి. లోపలికి రాలేదు, కాఫీ ముట్టలేదు. పెళ్లికి గుడికి వచ్చాను. వచ్చినవాళ్లందరినీ పలకరించావు, నా పక్కన ఒక్క నిమిషం కూర్చోలేదు. మన మధ్య ఉత్తరాలు తప్ప మాటలు లేవు. పోస్టుమ్యాన్‌కు మన ముఖాలు తెలిసినంత కూడా మనకు ఒకరి ముఖం ఒకరికి తెలియదు.

చెన్నకేశవులుకు చెప్పి 'తోబుట్టువులు లేరు' అని రాయిస్తాను. నాకేం కొత్త కాదు. మద్రాసులో నాకు ఊరు లేదు, మతం లేదు, ఇంటిపేరు లేదు. మైకును పూలకుండీలో దాచి, దాని దగ్గరే నిలబడి ప్రేమించమనేవాళ్లు. వాళ్లు రాసిచ్చిన మాటలు చప్పగా ఉండేవి. నేను రాత్రికి రాత్రి మార్చుకుని కెమెరా ముందు అనేసేదాన్ని. డైరెక్టరు తల పట్టుకునేవాడు, లైటు కుర్రాళ్లు నవ్వేవాళ్లు, సెన్సారు వాళ్లు కత్తెర పెట్టేవాళ్లు. వాళ్లు ఏది కత్తిరిస్తారో నాకు ముందే తెలిసేది కాబట్టి పెద్ద బూతు ఒకటి ఎరగా పెట్టి, దాని పక్కన చిన్నవి నాలుగు దాచేదాన్ని. పెద్దది కోసి తృప్తిగా పోయేవాళ్లు. నలభై ఐదేళ్లు దాటాక మాత్రం అత్త వేషాలిచ్చారు. అత్తలకు మాటలు ఉండవు, ఏడుపులే ఉంటాయి. చెయ్యనని వచ్చేశాను.

ఇదంతా నీకు సిగ్గే కాబట్టి ఇక రాయను.

మిస్ మాణిక్యం
(తోబుట్టువులు లేరు)


ఆళ్లగడ్డ,
20-2-1978

అక్కా,

నీ ఉత్తరం చదివి రెండు రోజులు అన్నం సయించలేదు. నాకు నువ్వంటే సిగ్గని ఎట్లా అనుకున్నావు? బడిలో పిల్లలకు పద్యం చెప్పేటప్పుడు నేను గొంతు ఎత్తేది నిన్ను తలుచుకునే. తోటి టీచర్లు మిస్ మాణిక్యం ఎవరో నీకు తెలుసా అంటే, మా అక్కే అని చెప్పేదాన్ని.

ఇంటికి రాకపోవడం సిగ్గు వల్ల కాదు. నీ ఎదురుగా కూర్చోవడానికి నాకు ముఖం లేదు. ఆ కేసులో నా తప్పు ఉంది. ఇంతకంటే రాయలేను. నువ్వే అర్థం చేసుకో.

ముప్పైరెండు జూన్‌లో బోర్డింగులో చేరాను. ఆరో తేదీ.

సువార్త.


నంద్యాల,
2-3-1978

పిచ్చి సువార్తకు,

ఆరో తేదీ అట. హాజరుపట్టీ తిరిగి వచ్చింది, సంతోషం. తోబుట్టువు ఉన్నట్టు చెన్నకేశవులుకు చెప్పేశాను.

'నా తప్పు ఉంది' అన్న మాట నాలుగుసార్లు చదివాను. జైలుకు చూడడానికి రాలేదనే కదా నీ బాధ? పదహారేళ్ల పిల్లవు. బోర్డింగు గేటు దాటాలంటే చీటీ కావాలి. నేను ఆ రోజైనా నిన్ను తప్పుగా అనుకోలేదు, ఈ రోజైనా అనుకోను. తప్పు ఎవరిదో నాకు బాగా తెలుసు. ఇన్నేళ్లూ నీకు చెప్పలేదు, నువ్వు నాయన ముద్దుబిడ్డవని. ఎట్లాగూ అచ్చులో చదువుతావు కాబట్టి ముందే చెప్తున్నాను.

ఆ కేసు కొట్టేయాల్సింది. మేజిస్ట్రేటు కోస్తా వైపు ఆయన, మర్యాదస్తుడు. ఎరగడమంటే తెలియడమే కదా, ఇందులో బూతు ఎక్కడుందని రెండుసార్లు అడిగాడు. మా ప్లీడరు అప్పటికే కాగితాలు సర్దుకుంటున్నాడు. అవతలి ప్లీడరు లేచి ఒక కాగితం తీశాడు. ముద్దాయి మతస్థులలో ఈ మాటకు వేరే అర్థం ఉందనీ, ముద్దాయి ఇంటివాళ్లే రాసిచ్చారనీ చదివాడు. నాలుగే వాక్యాలు. మాట, అర్థం, ఉదాహరణ. చివరిది, తెలిసినవారికి మాత్రమే తెలియునట్లు ఉద్దేశపూర్వకముగా వాడబడినది అని. వింటుంటే మన ఇంట్లో ప్రార్థన వింటున్నట్టే ఉంది. వెనక్కి తిరిగి చూస్తే వరండాలో నాయన తల వంచుకుని నిలబడి ఉన్నాడు.

జైలుకు తీసుకుపోతుంటే ఆయన ముందు ఆగి, "నువ్వేనా నాయనా రాసింది?" అని అడిగాను.

"నా ఇంట్లోనించే పోయింది మ్మే" అన్నాడు. కాదనలేదు, ఎందుకో చెప్పలేదు.

పన్నెండు రోజుల శిక్ష. పన్నెండు రోజులూ మన గోస్పాడు నుంచి నడిచి వచ్చి జైలు గేటు దగ్గర సంగటి, ఊరిబిండి ఇచ్చి కూర్చునేవాడు. పన్నెండు రోజులూ మూట విప్పకుండా వెనక్కి పంపాను. తరువాత ఆయనతో మాట్లాడలేదు. నలభైఒకటిలో నువ్వు తంతి ఇచ్చావు, నాయనకు బాగలేదు, పెద్దది వచ్చిందా అని అడుగుతున్నాడని. మేకప్ గదిలో చదివి, మడిచి, పౌడరు డబ్బా కింద పెట్టి షాటుకు పోయాను.

ఇదంతా చెన్నకేశవులుకు మూడు పేజీలు చెప్పాను. ఆ అధ్యాయానికి 'కూతురిని పట్టిచ్చిన ఉపదేశి' అని పేరు పెట్టాడు. పేరు నాకు నచ్చింది.

నీ అక్క.


ఆళ్లగడ్డ,
19-3-1978

అక్కా,

నాయన పేరు ఆ పుస్తకంలో వేయించవద్దు. నీ కాళ్లు పట్టుకుంటాను.

గోస్పాడు చుట్టుపక్కల పల్లెల్లో అక్షరాలు వచ్చిన మనవాళ్లలో సగం మంది ఆయన దగ్గర పలక పట్టినవాళ్లే. వాళ్ల మనవళ్లు ఇప్పుడు కాలేజీల్లో చదువుతున్నారు. ఆ పుస్తకం వాళ్లే కొంటారు. సంజీవయ్య సొంత కూతురిని జైలుకు పంపాడని ఒకసారి అచ్చులో పడితే, కాదని చెప్పడానికి ఆయన లేడు.

ఆయన రాయలేదేమో అక్కా. నువ్వు పొరపాటు పడ్డావేమో.

సువార్త.


నంద్యాల,
1-4-1978

ఉపదేశి గారి ముద్దుబిడ్డకు,

రాయలేదేమో అంటే ఏమిటి? నోటితో ఒప్పుకున్న మనిషి. చచ్చేదాకా అబద్ధం ఆడని మనిషి అని నువ్వే కదా ఆయన సమాధి మీద రాయించావు? అబద్ధం ఆడనివాడు నాతో ఆడి ఉంటాడా?

నలభై ఏళ్లు నన్ను ఊరంతా సిగ్గులేనిది అన్నారు, పడ్డాను. ఆయనను నాలుగు వాక్యాలు అంటే నీకు ఇంత నొప్పా? నేను జైలుకు పోయిన రోజు ఇంత నొప్పి నీకు కలిగిందా అని అడగాలని ఉంది. అడగనులే.

జూన్ పదిహేనున ప్రెస్సుకు పోతుంది. మూడు పేజీలూ ఉంటాయి.

జీవమ్మ.


ఆళ్లగడ్డ,
4-6-1978

అక్కా,

ఆ కాగితం రాసింది నేను.

రెండు నెలలుగా ఈ ముక్క రాయడానికి కూర్చుంటున్నాను, లేస్తున్నాను. పదిహేనో తేదీ దగ్గర పడింది కాబట్టి రాస్తున్నాను.

బోర్డింగులో ఆఫీసు గదికి రమ్మన్నారు. ఆ అవతలి ప్లీడరు కుర్చీలో ఉన్నాడు. బోర్డింగు నడిపే దొరసానమ్మకు తెలుగు వచ్చు గానీ ఈ సంగతి మగవాడి ముందు పలకడానికి నోరు రాలేదు. తెలుగులో ఎప్పుడూ ఫస్టు మార్కులు నావే. కాగితం, కలం ఇచ్చి, ఈ మాటకు మనలో గల అర్థమును సోదాహరణముగా రాయుము అంది. పరీక్షలో అడిగినట్టు అడిగింది. పరీక్షలో రాసినట్టు రాశాను.

దేనికి అడిగారో నాకు తెలియదని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. తెలుసక్కా. ఆ నెలంతా ఆడపిల్లలు నన్ను పేరు పెట్టి పిలవలేదు, గంగసాని చెల్లెలా అనేవాళ్లు. భోజనం వరుసలో నా పక్కన కూర్చునేవాళ్లు కాదు. నాకు నీ మీద కోపంగా ఉండింది. దొరసానమ్మ అడిగింది మూడు వాక్యాలే. ఆ నాలుగోది, కావాలనే వాడారన్నది, ఎవరూ అడగలేదు. నేనే కలిపాను. నిన్ను ముంచింది అదే. ఆమె చదివి వెరీ గుడ్ అంది. ఆ మాటకు నేను సంతోషపడ్డాను. ఈ సంగతి నాయనకు కూడా చెప్పలేదు, నీకే చెప్తున్నాను.

ఆ ఏడాదే నన్ను ట్రైనింగుకు పంపారు. ముప్పైనాలుగేళ్లు పిల్లలకు మాటలూ అర్థాలూ చెప్పి తిన్న అన్నం ఆ కాగితం పెట్టినదే.

విచారణకు ముందు ఆదివారం ఇంటికి వచ్చి నాయనతో చెప్పేశాను. కోర్టుకు వచ్చి అక్క కాళ్ల మీద పడతానన్నాను. ఆయన కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు. తరువాత, "నువ్వు చెప్పాకు. దానికి నామీద కోపమొస్తే నేను మోస్తా. నీమీద వస్తే మీరిద్దరూ ఒకరికొకరు లేకుండా పోతారు. నేనెన్నాళ్లుంటా?" అన్నాడు.

ఆయన నీతో అబద్ధం ఆడలేదు. నా ఇంట్లోనించే పోయింది అన్నాడు. పోయింది ఆయన ఇంట్లో నుంచే కదా.

చివరి రోజుల్లో పెద్దది వచ్చిందా అని అడిగినప్పుడల్లా, నిజం చెప్పమంటావా నాయనా అనేదాన్ని. తల అడ్డంగా ఊపేవాడు. ఆయన పోయాక నన్ను ఆపినవాళ్లు ఎవరూ లేరు. ముప్పైఏడేళ్లు నాకు ధైర్యం లేక చెప్పలేదు. మనం ఒకరికొకరం ఉండాలని ఆయన అంత మోస్తే, నేను నీ గడప కూడా తొక్కలేదు.

ఆయన పేరు తీసి నా పేరు వెయ్యి. చిరునామాతో సహా వెయ్యి. నన్ను క్షమించు.

సువార్త.


ఆళ్లగడ్డ,
16-7-1978

అక్కా,

నలభై రోజులయింది. రోజూ పదకొండు గంటలకు వాకిట్లో నిలబడుతున్నాను. పోస్టుమ్యాన్ దూరం నుంచే చెయ్యి ఊపి పోతున్నాడు.

నన్ను ఏమైనా అను. పుస్తకం అచ్చయిందో లేదో మాత్రం ఒక కార్డు ముక్క రాయి. చెన్నకేశవులు గారికి నేనే రాద్దామనుకున్నాను. నీకు తెలియకుండా నీ గురించి ఇంకో కాగితం రాయడానికి చెయ్యి రాలేదు.

సువార్త.


నంద్యాల,
12-8-1978

సువార్తా,

బతికే ఉన్నాను.

నీ ఉత్తరం వచ్చిన రోజు చెన్నకేశవులు వస్తే తలుపు తియ్యలేదు. వారం రోజులు కొట్టు మూసే ఉంచాను. డోన్ నుంచి వచ్చిన నాటకం వాళ్లు కిరీటాలు లేకుండా వెనక్కి పోయారు.

నీ కాగితం సంగతి ముందు చెప్తాను. జైలుకెళ్లిన నాటకాల పిల్ల అని పత్రికలో పడ్డాకే మద్రాసు వాళ్లు నా కోసం మనిషిని పంపారు. ఆ పన్నెండు రోజులు లేకపోతే నేను నంద్యాల దాటేదాన్ని కాదు. ఆ నాలుగు వాక్యాలకు నిన్ను ఒక్క మాట అనను. నాలుగోది బాగా రాశావు కూడా. నా నాటకం సరిగ్గా అర్థమైన మనిషి ఆ ఊరంతటికీ నువ్వొక్కదానివే. కావాలనే వాడాను మరి.

నాయన సంగతి వేరు. ముప్పైఏడేళ్లు నోరు మూసుకుని కూర్చున్నావు చూడు, దానికి నిన్ను కొట్టాలని ఉంది. ఆయన బతికున్న ఏడేళ్లలో ఒక్క రోజు చెప్పి ఉంటే పోయి ఆయన పక్కన కూర్చునేదాన్ని. రోజూ పొద్దున లేచినప్పుడు తప్పంతా నీదే అనిపిస్తుంది. సాయంత్రానికి నాది అనిపిస్తుంది. మాటకు రెండు అర్థాలు పెట్టి బతికినదాన్ని నేను. నాయన అన్న ఆ ఒక్క మాటలో రెండో అర్థం ఉండొచ్చని నాకు తట్టలేదు. ఆయన తల వంచుకుని నిలబడితే దొరికిన దొంగ అనుకున్నాను. బిడ్డను కాచుకునే మనిషి కూడా అట్లాగే నిలబడతాడని తెలియలేదు.

ఆ మూడు పేజీలూ ప్రెస్సు నుంచి వెనక్కి తెప్పించి పొయ్యిలో పెట్టాను. చెన్నకేశవులు ఏడుపు ముఖం పెట్టాడు, పుస్తకం మొత్తానికి అదే మంచి అధ్యాయమట. 'ఆ మాటకు గల అర్థం కోర్టువారికి తెలియజేయబడినది, శిక్ష పడినది' అని ఒక్క వాక్యం ఉంటుంది. ఎవరు తెలియజేశారంటే, ముందు చెప్పింది నాయన మీద కోపంతో కల్పించిందని, అర్థం చెప్పింది నేనే అని చెప్పాను. ముద్దాయే లేచి తన మాటకు అర్థం చెప్పి మరీ జైలుకు పోయిందట. వాడు నమ్మాడు. నన్నెరిగినవాడు కాబట్టి నమ్మాడు.

నీ పేరు వెయ్యను. నాయన ఊపిరి పోయేదాకా దాచిన పేరును నేను అచ్చు వేస్తే ఆయన మోసినదంతా దండగ.

క్షమించమని రాశావు. కాగితం మీద రాసి నన్ను పట్టిచ్చావు. మళ్లీ కాగితం మీదే క్షమించమంటే ఎట్లా? వచ్చి నా ముఖం చూసి అడుగు. ఏం చెప్తానో ఇప్పుడు నాకూ తెలియదు.

జీవమ్మ.


ఆళ్లగడ్డ,
6-9-1978

అక్కా,

నిన్న వచ్చాను. పది గంటలకు నంద్యాలలో దిగాను. అడిగి అడిగి నీ వీధికి వచ్చి రేడియో రిపేరు కొట్టు దాకా నడిచాను. నువ్వు గుమ్మంలో స్టూలు మీద కూర్చుని కిరీటానికి అద్దాలు అతికిస్తున్నావు. తల పండిపోయింది. వీపు వంచి అచ్చం నాయన కూర్చున్నట్టే కూర్చున్నావు.

ఆ పైన నాకు అడుగు పడలేదు. ఎంతసేపు నిలబడ్డానో తెలియదు. రేడియో కొట్టాయన "ఎవరు గావాలమ్మా?" అన్నాడు. ఎవరూ వద్దని చెప్పి బస్టాండుకు తిరిగి వచ్చి ఆళ్లగడ్డ బస్సెక్కాను.

నేను ఇంతే అక్కా. ఇక క్షమించమని కూడా అడగను.

సువార్త.


నంద్యాల,
9-9-1978

సువార్తా,

నిన్ను చూశాను. నీలం చీర, చేతిలో గుడ్డసంచి. అతికిస్తున్న అద్దంలో వీధి కనబడుతుంది. నువ్వు రేడియో కొట్టు దగ్గర ఆగిన దగ్గరి నుంచి చూస్తూనే ఉన్నాను.

తల ఎత్తితే పారిపోతావని ఎత్తలేదు. నాకు నేను చెప్పుకున్న కారణం అది. నిజం ఏమంటే నాకూ భయం వేసింది. నువ్వు దగ్గరికి వచ్చి ఆ మాట అడిగితే, నాయన విషయంలో నేను క్షమాపణ ఎవరిని అడగాలో తెలియక నీ మీద అరుస్తానేమో అనిపించింది. నువ్వు వెనక్కి తిరిగాక పిలుద్దామని నోరు తెరిచాను. మైకు లేని రోజుల్లో చివరి వరుసకు వినిపించేలా మాట్లాడినదాన్ని, సువార్తా అన్న మూడు అక్షరాలు వీధి దాటలేదు. లేచి నిలబడేసరికి నువ్వు మలుపు తిరిగిపోయావు.

నువ్వు ఇంతే అని రాశావు. నేనూ ఇంతే. నాయన మన ఇద్దరినీ ఎక్కువ అంచనా వేశాడు.

ఇంక నిన్ను రమ్మనను. వచ్చే శనివారం పొద్దున బస్సుకు నేనే వస్తాను. చెన్నకేశవులు ఇక్కడ బస్సెక్కిస్తానన్నాడు. నువ్వేమీ అడగక్కర్లేదు, నేనూ ఏమీ చెప్పను. ఇద్దరం ఒకచోట కూర్చుందాం, అంతే. తరువాత మాట్లాడాలనిపిస్తే మాట్లాడుకుందాం.

నువ్వు బస్టాండుకు రావాలి. మీ ఇల్లు నాకు తెలియదు.

అక్క.